కొణిజేడు కొండలో ఇనుము

ప్రశ్న: ఒంగోలు దగ్గర కొణిజేడు కొండ రాయికి అయస్కాంతం అతుక్కుంటోంది. మరి బళ్లారిలా ఇక్కడ పెద్ద గనులు ఎందుకు రాలేదు?
– ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: మీ కొండలో ఉన్నది మాగ్నటైట్ అనే, అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఖనిజం. శుద్ధమైనదైతే అందులో ఇనుము 72 శాతం. కానీ ఇక్కడ అది పలుగురాయితో చారలు చారలుగా కలిసిపోయింది, అందుకే రాయి మొత్తం మీద ఇనుము సుమారు మూడో వంతే. బళ్లారిలో దొరికేది హెమటైట్ అనే మరో ఇనుప ఖనిజం; దాని మేలురకంలో ఇనుము 60 శాతం పైనే, తవ్వి జల్లిస్తే చాలు. ఇక్కడ పలుగు నుంచి మాగ్నటైట్‌ను విడదీయాలంటే కొండనే పిండి చేయాలి, ఆ కరెంటు, నీళ్ల ఖర్చే అసలు అడ్డంకి.

మీరే చూడండి. గుప్పెడు రాయిని ఇనుప రోట్లో మెత్తగా దంచి, పళ్లెంలో నీళ్లు పోసి కలిపి, పాలిథిన్ కవర్లో చుట్టిన అయస్కాంతాన్ని అందులో తిప్పండి. కవర్ లేకపోతే అయస్కాంతానికి అంటిన నల్లటి మాగ్నటైట్ పొడి వదలదు. పొడి బరకగా ఉంటే తెల్లటి పలుగు రేణువులూ దాంతోపాటే వచ్చేస్తాయి. ఫ్యాక్టరీలోనూ చిక్కు ఇదే.

ఈ రకం రాయిని దక్షిణాదిలో పెద్ద ఎత్తున కరిగించే ప్రయత్నం 1830ల్లోనే జరిగింది. సేలం మాగ్నటైట్‌తో జె.ఎం. హీత్ అనే ఆంగ్లేయుడు తమిళనాడు తీరంలోని పోర్టోనోవోలో (నేటి పరంగిపేట్టై) ఇనుప కార్ఖానా నడిపాడు. దాన్ని దెబ్బతీసినవాటిలో ముఖ్యమైంది కట్టెబొగ్గు కొరత.