స్టీలు ప్రొపెల్లర్ మార్చమంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: దిండి దగ్గర వశిష్ఠలో సరదాగా తిరగడానికి అవుట్‌బోర్డ్ బోటు (ఇంజిన్ వెనక బయట తగిలించేది) కొన్నానండి. ఇంటిల్లిపాదీ ఎక్కితే ఫుల్ థ్రాటిల్‌లోనూ 4,800 ఆర్‌పీఎం దాటట్లేదు. మాన్యువల్‌లో 5,000–6,000 అని ఉంది. స్టీలు ప్రొపెల్లర్ వేయమంటున్నారు.
– రాజోలు పాఠకుడు

జవాబు: స్టీలు సంగతి తర్వాతండి, ముందు పిచ్ చూడండి. అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు వెళ్ళే దూరం. ప్రొపెల్లర్ మీద 11 × 13 అని ఉంటే, మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. పిచ్ అంగుళం తగ్గితే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. మీరు రెండంగుళాలు తగ్గించండి. ఇద్దరే వెళ్ళినప్పుడు బరువు తగ్గి ఆర్‌పీఎం ఇంకా పెరుగుతుంది, అప్పుడు మాత్రం 6,000 దాటనివ్వకండి.

ఇక స్టీలంటారా, పాటు వేళ ఇసుక మేటలు తేలే మన పాయల్లో నేనైతే వేయను. మేట తగిలితే అల్యూమినియం రెక్క వంగి ఊరుకుంటుంది. స్టీలుది వంగదు, ఆ దెబ్బ గేర్లకు తగులుతుంది. వంగిన రెక్కను సుత్తితో సాపు చేయించకండి, వణుకు పోదు. ఇంకో అల్యూమినియందీ, ప్రొపెల్లర్ నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్నులూ బోట్లోనే ఉంచుకోండి.