కాక్‌పిట్ కబుర్లు: దిగడం వచ్చాకే క్షిపణులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం డీసీఎస్ వరల్డ్ గురించే. తెలియనివారి కోసం ఒక్క ముక్క: యుద్ధవిమానాన్ని స్విచ్ స్విచ్‌కీ నిజంలాగే నడిపించే కంప్యూటర్ సిమ్యులేటర్ అది. గేమ్ అంటే దాని అభిమానులకు కోపం వస్తుంది. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన వైమానిక దళం మిగ్-21కి వీడ్కోలు పలికాక ఆ విమానం మీద ప్రశ్నలు మరీ పెరిగాయి. నేను ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. తేజ్‌పూర్‌లో మిగ్-21 డయళ్ల వెనక తల దూర్చి పనిచేశాను గానీ పైలట్‌ని కాను. అందుకే నా జవాబులు ఆకాశం కంటే డయళ్ల వైపే కాస్త ఎక్కువగా మొగ్గుతాయి.

గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంది, జాయ్‌స్టిక్ లేదు. డీసీఎస్ మొదలుపెట్టాలంటే ఎంత ఖర్చవుతుంది? ఏ విమానంతో మొదలుపెట్టమంటారు?
– బీటెక్ విద్యార్థి, తెనాలి

మొదలుపెట్టడానికి సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. ప్రోగ్రామ్ ఉచితం, దానితో పాటు రెండు విమానాలు, సుఖోయ్-25టీ, టీఎఫ్-51డీ మస్టాంగ్, ఉచితం. కాకసస్ మ్యాప్ కూడా ఉచితమే. ఖర్చంతా మీ ల్యాప్‌టాప్ దగ్గర మొదలవుతుంది. వంద జీబీకి పైగా ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ కావాలి, మామూలు హార్డ్ డిస్క్ మీద పెడితే విమానం కంటే మీరే ముందు ముసలివాళ్లవుతారు. ర్యామ్ 16 జీబీతో నెట్టుకురావచ్చు, 32 ఉంటే హాయి. హాస్టల్ వైఫైలో డౌన్‌లోడ్ పెట్టే ముందు రూమ్మేట్లకు చెప్పండి.

జాయ్‌స్టిక్ మాత్రం తప్పదు. కీబోర్డులో కీ నొక్కితే పూర్తిగా నొక్కినట్టు, వదిలితే పూర్తిగా వదిలినట్టు. విమానానికి కావలసింది ఆ రెంటికీ మధ్యలో ఉండే కాస్తంత కదలిక. కర్రను మెలితిప్పితే రడ్డర్ (ముక్కును కుడిఎడమలకి తిప్పే తోక పలక) పనిచేసేది, పక్కన చిన్న థ్రాటిల్ (ఇంజన్ శక్తి పెంచే, తగ్గించే పిడి) ఉన్నది ఒకటి చాలు. ఏ-10 విమానం కంట్రోల్స్‌కి నకలుగా వచ్చే ఖరీదైన వార్‌హాగ్ సెట్లను యూట్యూబ్‌లో చూసి ఊరించుకోకండి, ఉద్యోగం వచ్చాక కొనుక్కోవచ్చు. తల తిప్పితే కాక్‌పిట్లో చూపు తిరగడానికి ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వెబ్‌క్యామ్‌తో పనైపోతుంది.

ఇక విమానం. సుఖోయ్-25టీలో బాంబులు, క్షిపణులు అన్నీ ఉన్నాయి, కుర్రాళ్లంతా దాని మీదికే దూకుతారు. కానీ దాని కాక్‌పిట్లో స్విచ్‌లను మౌస్‌తో నొక్కలేం, అన్నీ కీబోర్డు షార్ట్‌కట్లే. నా ఓటు టీఎఫ్-51డీకి. దానికి తుపాకీ కూడా లేదు, అదే దాని గొప్పతనం. థ్రాటిల్ పెంచగానే ప్రొపెల్లర్ ధాటికి ముక్కు ఎడమకి లాగేస్తుంది. తోక కింద చక్రం ఉన్న విమానం కాబట్టి మీరు రడ్డర్ మీద శ్రద్ధ పెట్టకపోతే రన్‌వే మీదే గిర్రున తిరిగిపోతుంది. దాన్ని తిన్నగా పరిగెత్తించడం, తిన్నగా దించడం వచ్చాక జెట్ విమానం ఏదైనా మీకు మర్యాదగానే ఉంటుంది. ఆ తర్వాత డబ్బు పెట్టి ఏదైనా కొనాలనిపిస్తే, చాలా విమానాలకు 14 రోజుల ఉచిత ట్రయల్ ఇస్తారు. అది వాడి చూశాకే కొనండి.

మిగ్-21 బిస్ కొన్నాను. టేకాఫ్ బాగానే ఉంటుంది, డాగ్‌ఫైట్ కూడా ఫరవాలేదు. దిగేటప్పుడే గోల. రన్‌వేకి ముందే నేలకి కొట్టుకుంటుంది, లేకపోతే రన్‌వే దాటి పొలాల్లోకి పోతుంది. నా థ్రాటిల్‌లో లోపమా?
– ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

లోపం థ్రాటిల్‌లో లేదు, మీరు దాన్ని వాడే వేళలో ఉంది. ఈ విమానం సిమ్యులేటర్లోకి 2014లో వచ్చింది. అప్పటి నుంచి కొత్తవాళ్లు దీన్ని దించలేక తిట్టుకుంటూనే ఉన్నారు. తిట్టించుకునే గుణం అసలు విమానానికీ ఉండేది.

మిగ్ రెక్క త్రిభుజాకారం. వేగం తగ్గేకొద్దీ ఎగరడానికి ముక్కు పైకెత్తాలి. ముక్కెత్తితే గాలి అడ్డు పెరుగుతుంది, ఆ అడ్డును దాటడానికి ఇంకా ఇంజన్ కావాలి. అంటే మెల్లగా పోవాలంటే ఎక్కువ థ్రాటిల్ పెట్టాలన్నమాట. మస్టాంగ్ నుంచి వచ్చినవాళ్లకి ఇది మింగుడు పడదు. పైగా ఇందులోని ఆర్-25 ఇంజన్ మీరు అడిగిన వెంటనే అందుకోదు. థ్రాటిల్ బాగా తగ్గించి, విమానం కిందికి జారుతోందని చూసి, భయపడి ముందుకు నెట్టారనుకోండి, ఇంజన్ ఊపందుకునేలోపే నేల వచ్చేస్తుంది. రన్‌వేకి ముందు కూలడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం తెలిసినవాళ్లు తక్కువ. బిస్ రకానికి ఎస్పీఎస్ అనే ఏర్పాటుంది. ఇంజన్ కంప్రెసర్ నుంచి గాలి తీసి, దించిన ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) మీదుగా ఊదుతుంది, దాంతో రెక్కకి అదనపు బలం వస్తుంది. కానీ ఆ గాలి ఇంజన్ తిరుగుతుంటేనే వస్తుంది! నేలకి పది మీటర్ల ఎత్తున ఉండగా మీరు థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగేస్తే గాలి ఆగిపోయి రెక్క ఒక్కసారిగా బరువెక్కుతుంది. సీటు కింద నుంచి ఎవరో పీట లాగేసినట్టు దభీమని పడతారు. అందుకే చక్రాలు దాదాపు తాకేదాకా థ్రాటిల్‌ను ప్రాణంలా పట్టుకోండి.

ఇప్పుడు లెక్కలు. సోవియట్ పద్ధతిలో కట్టిన ఎయిర్‌ఫీల్డులకి రన్‌వే ముందు దారి చూపే రేడియో బీకన్లు రెండు ఉంటాయి. దూరపుది 4 కిలోమీటర్ల దగ్గర, దగ్గరది 1 కిలోమీటర్ దగ్గర. దూరపు బీకన్ మీదుగా 200 మీటర్ల ఎత్తులో, దగ్గరి బీకన్ మీదుగా సుమారు 60 మీటర్ల ఎత్తులో పోవాలి. అంటే ఇరవై మీటర్లు ముందుకి, ఒక మీటరు కిందికి. ఈ వాలు మీద వేగం గంటకి 340 కిలోమీటర్లయితే ఎంత వేగంగా కిందికి దిగుతున్నామో చూపే వేరియోమీటర్ ముల్లు సెకనుకి 5 మీటర్ల దగ్గర ఉండాలి, గుణించి చూసుకోండి. ముల్లు 10 చూపిస్తుంటే మీరు దిగడం లేదు, పడుతున్నారు. నేను పెట్టుకునే వేగాలివి: దూరపు బీకన్ దగ్గరికి 400 లోపు, రన్‌వే అంచు దాటేటప్పుడు 330 చుట్టుపక్కల, చక్రాలు తాకేటప్పుడు 280 నుంచి 300 మధ్య.

పొలాల్లోకి పోవడానికి కారణం ఇంకా తేలిక. ముందు ఒకసారి కూలిన భయంతో మీరు తర్వాతిసారి 400 వేగంతో అంచు దాటుతున్నారు. 300 వేగంలోనే సెకనుకి 80 మీటర్లకి పైగా రన్‌వే వెనక్కి పోతుంది. నేల మీద తేలుతూ అయిదారు సెకన్లు పోతే అర కిలోమీటరు గోవిందా. చక్రాలు తాకగానే థ్రాటిల్ మూయండి, ముక్కు చక్రం మెల్లగా దిగనివ్వండి, బ్రేకింగ్ పారాచూట్ తెరవండి, ఆ తర్వాతే బ్రేకులు. ఈ విమానంలో బ్రేకులు కర్ర మీది పిడితో, గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ముక్కు చక్రానికి స్టీరింగ్ లేదు, రడ్డర్ పెడల్ ఎటు తొక్కితే అటువైపు బ్రేకు ఎక్కువ పడుతుంది. ఆటో డ్రైవర్‌లా ఊరికే నొక్కి వదులుతుంటే గాలి తరిగిపోతుంది.

సాధన కోసం యుద్ధం ఉన్న మిషన్ తెరవకండి. మిషన్ ఎడిటర్‌లో, కాకసస్ మ్యాప్‌లోని కుతైసి రన్‌వేకి పది కిలోమీటర్ల ముందు విమానాన్ని గాల్లోనే పెట్టండి. ఆయుధాలు వద్దు, గాలి వద్దు, టాంకులో 800 లీటర్లు చాలు. దిగగానే మళ్లీ మొదటి నుంచి. టేకాఫ్, చుట్టూ తిరగడం అన్నీ కలిపి చేస్తే గంటకి నాలుగైదుసార్లు మించి దిగలేరు, ఇలా చేస్తే దానికి ఎన్నో రెట్లు. వారం రోజులు ఇదే చేయండి. బోర్ కొడుతుంది, కొట్టనివ్వండి. తేజ్‌పూర్‌లో కుర్ర పైలట్లు కూడా చుట్టూ తిరిగి దిగడం, మళ్లీ లేవడం చేసేవారు. మేము కింద టీ తాగుతూ చూసేవాళ్లం. ఏ విమానం సాఫీగా తాకుతుందో, ఏది కుదేస్తుందో ఇంజన్ చప్పుడు వినే చెప్పేసేవాడు మా సెక్షన్ సీనియర్ ఒకాయన.

మిగ్ కాక్‌పిట్లో రష్యన్ అక్షరాలు అర్థం కావడం లేదు. ఇంగ్లిష్‌లోకి మార్చుకోవచ్చా? హొరైజన్ డయల్ కూడా తిరగబడినట్టుంది, ఎందుకని?
– పాఠకుడు, అనంతపురం

అక్షరాలు మార్చుకోవచ్చు, ఇంగ్లిష్ కాక్‌పిట్ ఎంపిక ఉంది. మార్చుకోండి, అందులో పౌరుషానికి పోవలసిందేమీ లేదు.

రెండో ప్రశ్న అడిగినందుకు మాత్రం మీకు ప్రత్యేక నమస్కారం, ఎందుకంటే అది నా సొంత డయల్. పాశ్చాత్య విమానాల్లో మీరు కుడికి వాలితే డయల్లో చిన్న విమానం బొమ్మ కదలదు, వెనక ఉన్న దిగంతరేఖ వాలుతుంది. లోపల కూర్చుని కిటికీలోంచి చూస్తే కనబడేది అదే. మిగ్‌లో వాలడం చూపించేది విమానం బొమ్మ. అంటే వెనక నుంచి ఇంకెవరో మిమ్మల్ని చూస్తున్నట్టు. ముక్కు పైకో కిందికో పోతే మాత్రం వెనకున్న స్కేలు కదులుతుంది. ఏది మేలన్న వాదన ఈనాటిది కాదు. నా మట్టుకు, మబ్బులో దారి తప్పినవాడికి విమానం బొమ్మ వాలడమే త్వరగా అర్థమవుతుందని అనిపిస్తుంది. ఎఫ్-16 నుంచి వచ్చి మిగ్ ఎక్కినవాళ్లు మొదటి రోజు మబ్బులో తప్పు వైపు తిప్పుతారు. రెండూ కలిపి నేర్చుకోకండి, ఒకటి చేతికి ఎక్కాక రెండోది.

అన్నట్టు, మిగ్-21 మన దేశంలో తయారైన రోజుల్లో విమానం శరీరం నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్ బాలానగర్‌లోని హెచ్ఏఎల్‌లో తయారయ్యేవి. కాబట్టి ఆ డాష్‌బోర్డు మనకి మరీ పరాయిదేం కాదు.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి ఒంటిగంట దాకా ఈ సిమ్యులేటరే. అడిగితే, "ఫైటర్ పైలట్ అవ్వడానికి ప్రాక్టీస్ అమ్మా" అంటాడు. నిజమేనా అండీ?
– గృహిణి, రాజమహేంద్రవరం

సగం నిజం అమ్మా. డయళ్లు వరసగా చూసుకోవడం, చెక్‌లిస్ట్ క్రమం, రేడియోలో క్లుప్తంగా మాట్లాడటం, వీటికి పనికొస్తుంది. శరీరానికి మాత్రం ఏమీ నేర్పదు. నేటి ఫైటర్‌లో 9 జీ మలుపు (బరువు తొమ్మిది రెట్లయ్యే మలుపు) తిప్పితే 60 కిలోల మనిషి 540 కిలోలు తూగుతాడు, తలలోని రక్తం కాళ్లకి దిగుతుంది. సిమ్యులేటర్ తెర చుట్టూ నల్లబడినట్టు చూపించి ఊరుకుంటుంది. మీవాడు అప్పుడు కుర్చీలో కాళ్లు చాపుకుని ఉంటాడు.

ఎంపిక సంగతి చూస్తే, ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ద్వారా వైమానిక దళానికి వెళ్లాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య. అది దాటిపోతే డిగ్రీ తర్వాత వైమానిక దళం పెట్టే ఏఎఫ్‌క్యాట్ ప్రవేశ పరీక్ష ఉంది, 20 నుంచి 24 ఏళ్ల వరకు. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, రంగులు సరిగ్గా గుర్తించాలి. దూరం కనబడక అద్దాలు పెట్టుకునేవారికి ఫ్లయింగ్ శాఖలో దారి చాలా ఇరుకు. రాత్రి ఒంటిగంట దాకా తెర చూసే కుర్రాడు ముందు కళ్లు పరీక్ష చేయించుకోవాలి. పైలట్ సామర్థ్యం చూసే సీపీఎస్ఎస్ అనే కంప్యూటర్ పరీక్షను జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. అందులో పోతే పైలట్ కావడానికి మళ్లీ అవకాశం ఉండదు. జాయ్‌స్టిక్ అలవాటు అక్కడ కాస్త ధైర్యం ఇస్తుందేమో గానీ, అక్కడిదాకా చేర్చేది లెక్కల పుస్తకమే.

మీరొక పని చేయండి. ఆదివారం పక్కన కూర్చుని, ఆగి ఉన్న విమానాన్ని స్టార్ట్ చేసి చూపించమనండి. ప్రతి స్విచ్ ఎందుకు వేస్తున్నాడో మీకు తెలుగులో చెప్పాలి. బ్యాటరీ, జనరేటర్, ఇంధనం పంపులు అంటూ తడుముకోకుండా చెబితే వాడు నిజంగా నేర్చుకుంటున్నట్టే, రోజుకో గంట ఇవ్వండి. ఆటో స్టార్ట్ నొక్కేసి "ఇప్పుడు చూడమ్మా కాలుస్తాను" అన్నాడో, పరీక్షలయ్యేదాకా జాయ్‌స్టిక్ మీ బీరువాలో ఉండనివ్వండి.

ఆన్‌లైన్‌లో మిగ్-21తో ఎఫ్-16లను ఎదుర్కోగలమా? నేను ప్రతిసారీ రెండో మలుపులోనే చస్తున్నాను.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

రెండో మలుపు తిప్పుతున్నారు కాబట్టి. ఆ త్రిభుజపు రెక్క మొదటి మలుపు అద్భుతంగా తిప్పుతుంది, దానికి వెల మీ వేగమంతా. రెండో మలుపులో మీరు నిలబడిపోతారు, ఎఫ్-16 వాడు నిలబడిపోడు. నేల మీదుగా, కొండల చాటున వెళ్లండి, రాడార్ ఆపేయండి, శత్రువు ఎక్కడున్నాడో మీ కంట్రోలర్‌నో తోటివాళ్లనో అడగండి. వెనక నుంచి చేరి ఆర్-60 క్షిపణి వదిలి, తగిలినా తగలకపోయినా తిన్నగా వెళ్లిపోండి. తుపాకీలో ఉండేవి 200 గుళ్లే, నాలుగు సెకన్లలో ఖాళీ. ఇంధనం 800 లీటర్లకి వచ్చేసరికి ఎదురుగా ఎంత మంచి వేట ఉన్నా ముక్కు ఇంటివైపు తిప్పేయండి. ఇంధనం విపరీతంగా తాగే ఆఫ్టర్‌బర్నర్ వేసి ఇంకొక్కడి కోసం ఆగినవాళ్లలో చాలామంది రన్‌వే కనబడుతుండగానే పారాచూట్ వేసుకుని దూకారు.