ఆ డబ్బా ఏ గడిలో పడింది?

విద్యార్థులకు కార్టూన్లలోనూ కామిక్స్‌లోనూ ఉన్న రకాలను పరిచయం చేయాలంటే పాఠం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఎక్కడైనా మొదలుపెట్టండి గానీ, రకాల పేర్లతో మాత్రం వద్దు. నేను పన్నెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. మొదట్లో క్యారికేచర్ (ఒక మనిషి పోలికలను పెంచి, వంకర చేసి గీసే బొమ్మ), రాజకీయ కార్టూన్, కామిక్ స్ట్రిప్, గ్రాఫిక్ నవల (పుస్తకమంత నిడివి ఉన్న బొమ్మల కథ) అని బోర్డు మీద వరసగా రాసి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం చెప్పేవాణ్ణి. పిల్లలు శ్రద్ధగా రాసుకుని పరీక్షలో తు.చ. తప్పకుండా అప్పజెప్పేవారు. అయితే ఒక బొమ్మ ఎదుట పెట్టి ఇది ఏ రకమని అడిగితే, బొమ్మను వదిలేసి నా ముఖంలోకి చూసేవారు.

ఆ పద్ధతి ఒక ఏడో తరగతి గదిలో మారింది. ఆ రోజు నాలుగు గడుల బొమ్మల కథ ఒకటి నేనే గీసి తీసుకెళ్లాను. మొదటి గడిలో ఒకాయన నిచ్చెనెక్కి గోడకు సున్నం వేస్తున్నాడు, సున్నం డబ్బా పై మెట్టు అంచున ఉంది. రెండో గడిలో నిచ్చెన కింద ఒక నల్లపిల్లి ఒళ్లు విరుచుకుంటోంది. మూడో గడిలో ఆయన తుమ్మబోతూ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నాలుగో గడిలో ఒక తెల్లపిల్లి తోక నిక్కబొడుచుకుని పారిపోతోంది. ఏం జరిగిందని అడిగితే ఒక అబ్బాయి లేచి, "తుమ్మేసరికి డబ్బా పిల్లి మీద పడింది సార్, నేను చూశాను" అన్నాడు. ఏ గడిలో చూశావో వేలు పెట్టి చూపించమన్నాను. మూడో గడి మీద వేలు పెట్టాడు. అక్కడ డబ్బా ఇంకా మెట్టు మీదే ఉంది. నాలుగో గడి మీదికి జరిపాడు. అక్కడ డబ్బానే లేదు. వెనక్కి, ముందుకు రెండు మూడుసార్లు తిరిగిన ఆ వేలు చివరికి రెండు గడుల మధ్య ఉన్న సన్నని తెల్లటి సందులో ఆగింది. "ఇక్కడ, సార్" అన్నాడు. వెనక బెంచీల పిల్లలు కూడా లేచి వచ్చి ఆ ఖాళీ వైపు చూశారు.

ఒంటి గడి కార్టూన్‌కూ, గడుల వరసతో నడిచే కామిక్స్‌కూ ఉన్న తేడాను నేను ఏ ఏడాదీ అంత స్పష్టంగా చెప్పలేకపోయాను. ఆ సందును ఒకసారి గుర్తుపట్టాక మిగతావి వాటంతటవే వస్తాయి: జపాన్ కామిక్స్ అయిన మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలని, ఫోన్ తెర మీద కిందికి జరుపుతూ చదివే వెబ్ కామిక్‌లో ఆ సందు ఎంత పొడవుంటే పాఠకుడు అంతసేపు ఆగుతాడని పిల్లలు తొందరగానే పట్టుకుంటారు.

రాజకీయ కార్టూన్ సంగతి వేరు, అక్కడ తేదీ లేకుండా అడుగు ముందుకు పడదు. పాఠ్యపుస్తకాల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే: తేదీ తీసేసి, బొమ్మలోని అక్షరాలు కూడా కనిపించనంతగా కుదించి అచ్చువేసి, దాని కింద 'వ్యాఖ్యానించుము' అని రాస్తారు. నేనైతే ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ బొమ్మతో మొదలుపెడతాను. రాజును అవమానించాడన్న అభియోగంతో 1831లో కోర్టు ముందు నిలబడిన పత్రికాధిపతి షార్ల్ ఫిలిపాన్, రాజు ముఖం నాలుగు బొమ్మల్లో క్రమంగా బేరిపండుగా మారిపోవడం గీసి చూపించి, పోలికే నేరమైతే బేరిపండు గీసిన ప్రతివాణ్ణీ శిక్షించాల్సి వస్తుందని వాదించాడు. అతనికి శిక్ష తప్పలేదు. అదే రాజును తిండిపోతు రాక్షసుడిగా గీసిన చిత్రకారుడు ఓనరే దోమియే 1832లో జైలుకు వెళ్లాడు. ఫ్రెంచివారి వాడుకలో బేరిపండంటే మందమతి అని కూడా అర్థముందని చెప్పాక పిల్లలు ఆ నాలుగు బొమ్మలను మళ్లీ మొదటి నుంచి చూస్తారు. ఇది క్యారికేచరా, రాజకీయ కార్టూనా, కామిక్సా అని అడిగితే తరగతి మూడు ముక్కలవుతుంది, నేను తీర్పు చెప్పను.

చివరి పీరియడ్‌లో నా పిల్లి కథనే మళ్లీ ఇచ్చి, ఒక గడి తీసేసి మిగతా మూడింటితో కథ నిలబెట్టమంటాను. చాలామంది ముందుగా రెండో గడి మీదే చెయ్యి వేస్తారు. అది తీసేస్తే చివరి గడిలో ఉన్నది పుట్టుకతోనే తెల్లపిల్లి అయిపోతుందని, ఆ గది మొత్తంలో నేను తప్ప ఎవరో ఒకరు తప్పకుండా అరిచి చెబుతారు.