పర్సులో పెట్టుకునే చిన్న రివాల్వర్‌కి పోర్టెడ్ బ్యారెల్ ఉంటే మంచిదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: డల్లాస్ దగ్గర ఉంటున్నారు. మీ ఆవిడ కోసం రెండంగుళాల బ్యారెల్, ఐదు రౌండ్ల .38 రివాల్వర్ చూస్తున్నారు. షాపులో ఒక సెకండ్ హ్యాండ్‌ది చూపించి, బ్యారెల్ మీద కన్నాలు ఉన్నాయి కాబట్టి దీనికి కిక్ తక్కువ అన్నారు. తీసుకోవచ్చా అని అడిగారు.

.38కి అయితే వద్దనే చెప్తాను. .38 కన్నా బాగా బలమైన .357 మాగ్నమ్ తూటా, మూడంగుళాల బ్యారెల్, బరువైన స్టీల్ ఫ్రేమ్ అయితే అది వేరే కథ.

మాది హ్యూస్టన్ శివార్లలో గ్యాస్ స్టేషన్. రాత్రి షాపు కట్టేసేది చాలావరకు నేనే. కొన్నేళ్లపాటు నా దగ్గర పోర్టెడ్ .38 ఉండేది, మా ఆయన దగ్గర అదే సైజుది పోర్టుల్లేనిది. రెండింటినీ ఒకే డబ్బాలోని తూటాలతో పక్కపక్కన కాల్చి చూసుకునే వీలుండేది కాబట్టి ఈ తేడా నాకు పుస్తకాల్లో చదివింది కాదు.

పోర్టులంటే బ్యారెల్ చివర, సాధారణంగా ఫ్రంట్ సైట్‌కి (గురి చూసుకోవడానికి బ్యారెల్ మూతి మీద ఉండే ముక్కకి) అటూ ఇటూ పైవైపు తెరిచిన సన్నని కన్నాలు. మాగ్నాపోర్ట్ లాంటి కంపెనీలవాళ్లు వీటిని డ్రిల్లుతో కాకుండా విద్యుత్ స్పార్కులతో లోహాన్ని తొలిచి చేస్తారు, అందుకే అంచులు నున్నగా వస్తాయి. బుల్లెట్ ఆ చోటు దాటగానే దాని వెనకున్న వేడి గ్యాస్ కొంత పైకి చిమ్ముతుంది, ఆ విసురుకి బ్యారెల్ కిందికి నొక్కుకుంటుంది. అంటే పోర్టు తగ్గించేది ముఖ్యంగా గన్ మూతి పైకి ఎగరడాన్ని. అరచేతిలోకి వెనక్కి తన్నే దెబ్బలో పెద్ద మార్పేమీ రాదు. షాపువాళ్లు కిక్ తక్కువ అన్నప్పుడు ఈ రెండిటినీ ఒకటే చేసేస్తారు.

పైగా ఇది గట్టిగా పనిచేయాలంటే గ్యాస్ ఒత్తిడి దండిగా ఉండాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం మామూలు .38 స్పెషల్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు. .357 మాగ్నమ్‌ది 35,000, అంటే రెట్టింపు పైమాటే. ఒత్తిడి లేనిచోట కన్నాలు ఎన్ని పెట్టినా అలంకారమే. మెత్తటి వాడ్‌కటర్ తూటాలు (చదునైన మూతితో, తక్కువ బలంతో ప్రాక్టీస్‌కి చేసేవి) వేసినప్పుడు మా రెండు గన్‌ల మధ్య నాకు తేడాయే తెలియలేదు. +పీ (మామూలుకన్నా కాస్త ఎక్కువ ఒత్తిడి ఉండే .38 తూటా) వేస్తే తెలిసేది: మూతి కాస్త తక్కువ లేచేది, రెండో షాట్‌కి సైట్ కొంచెం త్వరగా దొరికేది. బొటనవేలి మొదట్లో వచ్చే నొప్పి మాత్రం రెండింటికీ ఒకటే. (మన దేశంలో కాన్పూర్‌లో 2014లో ఆడవాళ్ల కోసమని విడుదల చేసిన నిర్భీక్ రివాల్వర్ గురించి కూడా కొందరు ఇదే అడుగుతుంటారు. అందులో వాడే .32 తూటా ఒత్తిడి .38 కన్నా ఇంకా తక్కువ. దానికి పోర్టుల ఆలోచనే అనవసరం.)

ఇక నష్టాలు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఒక తెల్ల కాగితం. ఒక స్నేహితురాలి పొలంలో చిన్న చెక్క ఫ్రేముకి కాగితం బిగించి, గన్ పైన జానెడు ఎత్తులో ఉండేలా పెట్టి కాల్చాం. మా ఆయన గన్‌తో కాగితం మీద పెద్దగా ఏమీ పడలేదు. నా గన్‌తో మొదటి షాట్‌కే పోర్టులకు సరిగ్గా పైన కాగితం రెండు చోట్ల చినిగింది, చుట్టూ మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. వేలితో తడిమితే కొన్ని చుక్కలు గరుకుగా తగిలాయి. అవి కాలని తుపాకి మందు పలుకులు, బుల్లెట్ నుంచి ఊడిన లోహపు రజను.

ఇప్పుడు ఆ కాగితం చోట ముఖాన్ని ఊహించుకోండి. చిన్న రివాల్వర్ అవసరం పడేది ఎదుటివాడు చేతికి అందే దూరంలో ఉన్నప్పుడే. అంత దగ్గరలో చేతులు చాచి గురి చూసుకోరు, వాడు లాక్కోకుండా గన్‌ని డొక్కకి ఆనించుకుని కాలుస్తారు. అప్పుడు పోర్టులు మీ గడ్డానికీ కళ్లకీ సూటిగా కింద ఉంటాయి. రేంజ్‌లో కళ్లద్దాలు ఉంటాయి, పార్కింగ్‌లో ఉండవు. రివాల్వర్‌కి సిలిండర్, బ్యారెల్ మధ్య సందులోంచి పక్కలకి గ్యాస్ చిమ్మడం ఎలాగూ ఉంది, కాబట్టి వేళ్లు ఎక్కడ పెట్టాలో ముందే జాగ్రత్త పడుతుంటాం. దానికి తోడు పైనుంచి ఇంకొకటి. మా ఇన్‌స్ట్రక్టర్ అయితే పోర్టెడ్ గన్‌తో అలా డొక్కకి ఆనించి కాల్చే ప్రాక్టీస్ చేయనివ్వనే లేదు. నేను దాన్ని అమ్మేయడానికి అసలు కారణం ఇదే. మిగతావన్నీ సర్దుకుపోయేవే.

చీకట్లో మెరుపుకి కళ్లు బైర్లు కమ్ముతాయని చాలామంది భయపెడతారు. అందులో కొంత అతి ఉంది. ఆత్మరక్షణ కోసమే చేసే .38 తూటాల్లో మెరుపు తక్కువ ఇచ్చే మందు వాడతారు, మసకచీకట్లో కాల్చినప్పుడు నాకు సైట్ పక్కన చిన్న నారింజ రంగు మంట కనిపించిందంతే. పొట్టి బ్యారెల్‌లో ఫుల్ పవర్ .357 వేస్తే మాత్రం ఆ భయం నిజమే.

చప్పుడు సంగతి వేరు. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్కసారి విన్నా చెవికి ప్రమాదమే, పొట్టి రివాల్వర్లు పోర్టుల్లేకుండానే ఆ గీత దాటేస్తాయి. పోర్టులుంటే ఆ చప్పుడులో కొంత ముందుకి కాకుండా మీవైపు తిరుగుతుంది. రేంజ్‌లో నా పక్క లేన్‌లో నిలబడ్డవాళ్లు ఒకసారి తిరిగి చూసి మెల్లగా ఇంకో లేన్‌కి మారిపోయేవాళ్లు.

బుల్లెట్ వేగం కూడా కొంత పోతుంది. రెండంగుళాల బ్యారెల్ అసలే పొట్టి, అందులో చివరి భాగంలో గ్యాస్ బయటికి పోతుంటే తోసే బలం ఇంకా తగ్గుతుంది. హాలో పాయింట్ (తగలగానే విచ్చుకునేలా మూతిలో గుంట ఉండే బుల్లెట్) విచ్చుకోవడానికి కావలసిన వేగం ఈ గన్‌లకి మామూలుగానే అంతంతమాత్రం. నాలుగంగుళాల బ్యారెల్‌లో ఇది పట్టించుకోవలసిన విషయం కాదు. ఇక్కడ పట్టించుకోవాలి.

శుభ్రం చేసుకోవడం గురించి పెద్దగా చెప్పను. కన్నాల్లో మసి గట్టిపడుతుంది, ఫ్రంట్ సైట్ మీద వేసుకున్న రంగు ఒక డబ్బా తూటాలకే నల్లబడుతుంది, తొడుగు లేని సీసపు బుల్లెట్లు వాడితే ఇంకా చికాకు. పర్సులో పెట్టుకుంటే నూలుపోగులు, పౌడరు ఆ కన్నాల్లోకి చేరతాయి.

మరి పోర్టులు ఎవరికి బాగుంటాయి? 2018లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19 క్యారీ కాంప్ ఒకసారి కాల్చి చూశాను. .357, మూడంగుళాల బ్యారెల్, ఆరు రౌండ్లు. దానికి పోర్ట్ ఫ్రంట్ సైట్‌కి ముందు ఉంటుంది కాబట్టి సైట్ మసిబారే బెడద తక్కువ. మాగ్నమ్ తూటా వేసినా మూతి చెప్పినమాట వింటుంది. నడుముకి హోల్‌స్టర్ కట్టుకుని, నెలనెలా రేంజ్‌కి వెళ్లే మనిషి చేతిలో అది మంచి వస్తువు. కానీ పర్సులో పెట్టుకునే గన్ కాదు, ఆ దగ్గరి దూరం సమస్య దానికీ ఉంది.

మీ ఆవిడకి కిక్ గురించే టెన్షన్ అయితే దానికి సూటైన విరుగుడు గన్ బరువే. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల అల్యూమినియం ఫ్రేమ్ మోడల్ 642 సుమారు 410 గ్రాములు, అదే కుటుంబంలోని స్టీల్ మోడల్ 640 సుమారు 640 గ్రాములు. ఒకే తూటాకి రెండూ చేతిలో వేరే గన్‌లలా అనిపిస్తాయి. తర్వాత గ్రిప్: చిటికెనవేలు కూడా ఆనేంత పొడవున్న రబ్బరు గ్రిప్, వెనక పట్టీని కప్పేది అయితే ఇంకా మంచిది. ఆ తర్వాత తూటా. నా గన్‌లో ఇప్పుడు పొట్టి బ్యారెళ్ల కోసమే చేసిన 135 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) స్పీర్ గోల్డ్ డాట్ తూటాలు ఉంటాయి, ప్రాక్టీస్‌కి 148 గ్రెయిన్ల వాడ్‌కటర్లు. అవి కాలుస్తుంటే కొత్తవాళ్లకి భయం పోతుంది, ట్రిగ్గర్ మీద ధ్యాస నిలుస్తుంది. .38 కూడా ఎక్కువనిపిస్తే రూగర్ ఎల్‌సీఆర్ అనే రివాల్వర్‌లో .327 ఫెడరల్ తూటాకి చేసిన రకం ఉంది, అందులో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ తూటాలు వేసుకోవచ్చు. కిక్ తక్కువ, పైగా ఆరు రౌండ్లు పడతాయి.

మీరు రాయలేదు కానీ అడగక తప్పదు: మీ ఆవిడ వీసా ఏమిటి? హెచ్-1బి, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు గన్ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటి మీద ఆధారపడేముందు లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్ కార్డ్ వచ్చాక ఆ అడ్డు లేదు. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటి, చట్టప్రకారం గన్ ఉంచుకోగలిగినవాళ్లకి దాన్ని వెంట పెట్టుకు తిరగడానికి పర్మిట్ అక్కర్లేదు, అయినా లైసెన్స్ తీసుకోమనే నా సలహా, పక్క రాష్ట్రాలకి వెళ్లినప్పుడు పనికొస్తుంది. ఇంట్లో పిల్లలుంటే పర్సు ఆలోచన మానేయండి. పర్సు సోఫా మీద పడేసి వంటింట్లోకి వెళ్లిపోతాం, పిల్లలు చాక్లెట్ కోసం అందులో చెయ్యి పెడతారు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేయడం కూడా నేరమే.

కొనేముందు మీరు ఒక్కరే వెళ్లకండి. ఆవిడని తీసుకెళ్లి, గన్‌లు అద్దెకిచ్చే రేంజ్‌లో స్టీల్‌ది, అల్యూమినియంది రెండూ ఆవిడ చేతే కాల్పించండి. షాపులో ఆ పోర్టెడ్‌ది బాగా చవగ్గా వస్తుంటే, కాలక్షేపానికి కాల్చుకునే రేంజ్ గన్‌గా మీకోసం తీసుకోండి, తప్పు లేదు. అలాగైతే ముందు గన్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, సిలిండర్ పక్కకి తెరిచి పట్టుకుని, వెలుతురు పడేలా బ్యారెల్ లోపలికి చూడండి. కన్నాల లోపలి అంచుల్లో లోహపు ముళ్లు కనిపిస్తే ఆ పని ఎవరో గ్యారేజీలో డ్రిల్లుతో చేసిందే, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.