‘హారిబుల్ బాసెస్’: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హాలీవుడ్ కామెడీ ‘హారిబుల్ బాసెస్’ చూశాను. ముగ్గురు మిత్రులు (నిక్, కర్ట్, డేల్) తమ బాస్‌లను చంపాలని నిర్ణయించుకున్న చోటే కథ మీద నాకు నమ్మకం సడలింది. అంతగా భరించలేకపోతే రాజీనామా చేసి వెళ్ళిపోవచ్చు కదా?

జవాబు: ఈ ప్రశ్న మీకు వస్తుందని దర్శకుడు సెత్ గోర్డన్‌కూ రచయితలకూ ముందే తెలుసు. అందుకే సినిమా మొదటి భాగమంతా ఒక్కొక్క తలుపూ ఎలా మూసుకుపోయిందో చూపించడానికే వెచ్చించారు. నా దృష్టిలో సినిమా మొత్తంలో బాగా రాసిన భాగం అదే.

జేసన్ బేట్‌మన్ పోషించిన నిక్‌నే తీసుకోండి. ప్రమోషన్ ఆశతో ఏళ్ళ తరబడి తెల్లవారకముందే ఆఫీసుకు చేరుకునే మనిషి అతడు. కెవిన్ స్పేసీ పోషించిన బాస్ హార్కెన్, రెండు నిమిషాల ఆలస్యానికి కూడా అతణ్ణి నిలదీస్తాడు. పొద్దున్నే గదికి పిలిచి, వద్దంటున్నా స్కాచ్ తాగిస్తాడు. ఆ తర్వాత సమావేశంలో అందరి ముందూ, పొద్దున్నే తాగేవాడంటూ అతని పరువు తీస్తాడు. చివరికి అన్నాళ్ళుగా ఊరించిన పదవిని తానే తీసుకుంటాడు. అతను సెలవివ్వనందువల్లే నిక్ తన నాయనమ్మను చివరి చూపు కూడా చూసుకోలేకపోయాడు. ఇంత జరిగాక నిక్ వెళ్ళిపోతానంటే, మరెక్కడా ఉద్యోగం దొరక్కుండా చేస్తానని హార్కెన్ బెదిరిస్తాడు. స్కాచ్ గ్లాసు ముందు నిక్ ముఖంలో కనిపించే తడబాటును మళ్ళీ ఒకసారి గమనించండి. తాగితే తప్పు, తాగకపోతే ధిక్కారం. ఏ జవాబు చెప్పినా ఉద్యోగిదే తప్పయ్యేలా ప్రశ్న అడగడంలోనే హార్కెన్ క్రూరత్వమంతా ఉంది.

ఇక కాలం సంగతి. సినిమా 2011 జూలైలో విడుదలైంది. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసిన తర్వాత అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబరు నాటికి 10 శాతానికి చేరింది; సినిమా వచ్చేనాటికి కూడా అది 9 శాతం దగ్గరే ఉంది. కథలో ఈ ముగ్గురికీ పాత మిత్రుడొకడు ఎదురవుతాడు. పెద్ద చదువు చదివి, అదే లేమన్ బ్రదర్స్‌లో ఉద్యోగం పోగొట్టుకుని, డబ్బు కోసం బార్‌లో ఒళ్ళు అమ్ముకునే స్థితికి వచ్చినవాడు. అతణ్ణి చూశాక రాజీనామా అన్న మాట వాళ్ళ నోట మళ్ళీ రాదు. పైగా అమెరికాలో మోంటానా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నింటిలోనూ, ప్రత్యేక ఒప్పందమేదీ లేకపోతే, కారణం చెప్పకుండానే ఉద్యోగిని తీసేసే హక్కు యజమానికి మామూలుగా ఉంటుంది. ఆ భయం తెలిసినవారికి హత్య ఆలోచన అతిశయోక్తి అనిపించవచ్చు గానీ, దాని వెనుక ఉన్న ఉక్కిరిబిక్కిరి మాత్రం నిజమేననిపిస్తుంది.

ప్రశ్న: దంతవైద్యురాలు తన దగ్గర పనిచేసే డేల్‌ను లైంగికంగా వేధించే సన్నివేశాలకు నేను నవ్వలేకపోయాను. నాకే హాస్యదృష్టి లేదా?

జవాబు: లోపం మీలో లేదు. నాకూ ఈ సినిమాలో పెద్ద అభ్యంతరం ఇదే. జెనిఫర్ అనిస్టన్ అప్పటివరకు చేసిన సౌమ్యమైన పాత్రలకు పూర్తి విరుద్ధంగా ఈ పాత్రను ధైర్యంగా చేసింది. ఆమె నటనను నేను తక్కువ చేయను. కానీ కథ చెబుతున్నది ఏమిటి? మత్తుమందు ప్రభావంలో ఉన్న ఉద్యోగితో తీసిన అసభ్య ఛాయాచిత్రాలు చూపించి, తన మాట వినకపోతే అతని పెళ్ళి చెడగొడతానని యజమానురాలు బెదిరించడం. ఇందులో బాధితురాలు స్త్రీ, యజమాని పురుషుడు అయివుంటే ఏ రచయితా దీన్ని హాస్యంగా రాసేవాడు కాదు. నిక్, కర్ట్ కూడా డేల్ మొరను కష్టంగా లెక్కపెట్టరు, అదృష్టమన్నట్టు ఎగతాళి చేస్తారు. మగవాడికి ఇలాంటిది జరిగితే స్నేహితులు కూడా నమ్మరన్న చేదు నిజం అక్కడ ఉంది. సినిమా దాన్ని పట్టుకుని మరో అడుగు వేసివుంటే గొప్పగా ఉండేది. వేయలేదు, స్నేహితులతో కలిసి తానూ నవ్వేసింది.

డేల్ ఎందుకు ఫిర్యాదు చేయడని కూడా మీరు అడగవచ్చు. అమెరికా పౌరహక్కుల చట్టం (1964) లోని ఏడవ అధ్యాయం కింద వేధింపుల నుంచి పురుషులకూ రక్షణ ఉంది. అయితే ఆ చట్టం 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తుంది కాబట్టి, చిన్న క్లినిక్‌లు దాని పరిధిలోకి రావు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల చట్టం మాత్రం ఒక్క ఉద్యోగి ఉన్నచోట కూడా వేధింపులను నిషేధిస్తుంది. డేల్‌కు ఇంకో చిక్కు ఉంది. ఒక రాత్రి ఖాళీగా ఉన్న పిల్లల ఆటస్థలంలో మూత్రవిసర్జన చేసినందుకు అతని పేరు లైంగిక నేరస్థుల జాబితాలోకి ఎక్కింది. అందువల్ల ఇంకెవరూ అతనికి పని ఇవ్వరు, ఫిర్యాదు చేసినా అతని మాట చెల్లుబాటు కాదు.

ప్రశ్న: ఒకరి బాస్‌ను మరొకరు చంపాలన్న ఆలోచన హిచ్‌కాక్ నుంచి కాపీ కొట్టినదేనా?

జవాబు: దాచిపెట్టి తీసుకున్నది కాదు కనుక కాపీ అనలేను. హిచ్‌కాక్ 1951లో తీసిన ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్’ లోని ఆ సూత్రాన్ని పాత్రలే పేరుపెట్టి చర్చించుకుంటాయి.

ప్రశ్న: పదహారేళ్ళ మా అబ్బాయితో కలిసి చూడవచ్చా?

జవాబు: వద్దు. అమెరికాలో దీనికి ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు. పదిహేడేళ్ళ లోపువారు పెద్దవాళ్ళు వెంట ఉంటేనే చూడాలి. మీరు పక్కన కూర్చున్నా సరే, ఆ సంభాషణలు ఇద్దరినీ ఇబ్బంది పెడతాయి.

ప్రశ్న: కారులో దారి చెప్పే ఫోన్ ఉద్యోగి భారతీయుడు. ఆ పాత్రతో మనవాళ్ళను అవమానించారని మా మిత్రుడు అంటాడు. మీ అభిప్రాయం?

జవాబు: మీ మిత్రుని కోపాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ ఆ పాత్రను నేను మరోలా చూస్తాను. అతడు గ్రెగరీగా పరిచయమవుతాడు. అసలు పేరు అడిగితే ఆత్మానంద్ అంటాడు; పలకడం కష్టమని వాళ్ళు మళ్ళీ గ్రెగరీ అనే పిలుస్తారు. కొన్ని క్షణాల్లో ముగిసే ఆ సంభాషణ, తమ బాస్‌లు తమను మనుషులుగా చూడరని కుమిలిపోయే ఆ ముగ్గురూ, తమకు సేవ చేస్తున్న మనిషిని అతని సొంత పేరుతో పిలవడానికి కూడా ఓపిక చూపరని చెబుతుంది. దర్శకుడు దీన్ని కావాలని పెట్టాడో లేదో గానీ, తెర మీద అది ఉంది. చివరికి కర్ట్ బాస్ బాబీని హార్కెనే చంపాడని బయటపడేది కూడా ఆత్మానంద్ దగ్గర రికార్డయిన సంభాషణ వల్లే. ముగ్గురు మిత్రులూ నానా తిప్పలు పడి సాధించలేనిది, సంస్థ నియమం ప్రకారం తన పని తాను చేసుకుపోయిన ఉద్యోగి వల్ల జరిగింది.

ప్రశ్న: చివర్లో చెడ్డవాళ్ళకు శిక్ష పడింది, మంచివాళ్ళు గట్టెక్కారు. మరి దీన్ని డార్క్ కామెడీ (చావు, నేరం వంటి చీకటి విషయాలతో నవ్వించే సినిమా) అనడం దేనికి?

జవాబు: మీరన్నదాంట్లో సగం నిజం. మన ముగ్గురి చేతికీ రక్తం అంటకుండా సినిమా చాలా జాగ్రత్తపడింది. కర్ట్ బాస్ బాబీ మరణిస్తాడు, కానీ అతన్ని కాల్చేది హార్కెన్. తన భార్యతో బాబీకి సంబంధం ఉందని అనుమానించిన ఒక బాస్ మరో బాస్‌ను చంపడంతో కథ చిక్కుముడి దానంతటదే విడిపోతుంది. బాబీ ఎంత నీచుడో చెప్పడానికి, లావుగా ఉన్నవారినీ వికలాంగులనూ ఉద్యోగంలోంచి తీసేయమన్నట్టు, విషపూరిత వ్యర్థాలను జనం ప్రాణాలు లెక్కచేయకుండా వదిలించుకోజూసినట్టు ముందే చూపించారు కాబట్టి, అతను పోయినందుకు ప్రేక్షకుడు బాధపడడు. ఇది భయపడి వేసిన వెనకడుగని నా అభిప్రాయం.

అయితే ముగింపులో నిక్ సంగతి చూడండి. అతనికి కోరుకున్నదానికంటే పెద్ద పదవే దక్కుతుంది. కానీ పైన కొత్తగా కనిపించే ముఖ్యాధికారి (ఈ చిన్న పాత్రను బాబ్ న్యూహార్ట్ చేశాడు) హార్కెన్‌కు ఏమాత్రం తీసిపోని శాడిస్టు. కుర్చీలో మనిషి మారాడు, ఆ కుర్చీకి ఉన్న అధికారం మారలేదు. మరుసటి రోజు నిక్ మళ్ళీ ఆ ఆఫీసుకే వెళ్ళాలి. ఈ సినిమాను డార్క్ కామెడీ అని నేను ఒప్పుకునేది ఆ సన్నివేశం వల్లే.