చెప్పులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతున్నాడు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు, మావారికి 42. అమెరికాలో ఉంటాం, ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. నాలుగుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నా నిలవలేదు. ఏళ్ల తరబడి కాగితాల చుట్టూ తిరిగాక దక్షిణ కొరియా నుంచి దత్తతకు మాకు బాబు దక్కాడు. వాడికి రెండేళ్ల మూడు నెలలు. కోర్టు కోసం ఒకసారి వచ్చి వెళ్లాం. ఇప్పుడు బాబుని తీసుకెళ్లడానికి వచ్చి సియోల్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. వాడు మా చేతికి వచ్చి ఐదు రోజులైంది. వీసా వస్తే ఇంకో వారంలో బయల్దేరతాం.

వాడు మావారి దగ్గరికి వెళ్తాడు, ఆయన్ని ‘అప్పా’ (వాళ్ల భాషలో నాన్న) అని కూడా అన్నాడు. నేను ఎత్తుకోబోతే మాత్రం తోసేస్తాడు. ఒక్కోసారి నా వెనక్కి వచ్చి డ్రెస్ లాగుతూ ‘ఒబుబా, ఒబుబా’ అని ఏదో గొణుగుతాడు. తిరిగి చేతులు చాపితే ఏడుస్తాడు. మూడో రోజు నన్ను చూసి ‘మమ్మా’ అన్నాడు. ఆనందంతో ఏడ్చేశాను. అది బువ్వ అడగడమని తర్వాత సోషల్ వర్కర్ చెప్పింది. పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ పెంచిన ఆవిడ కోసం రాత్రంతా ‘ఒమ్మా ఒమ్మా’ (అంటే అమ్మా) అని ఏడుపు. సాయంత్రమయ్యేసరికి బుల్లి చెప్పులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు.

ఆవిడ బాబుతో పాటు ఒక సంచి ఇచ్చింది. అందులో వాడి దుప్పటి, ఒక నోట్‌బుక్, ‘పొదేగి’ అనే ఏదో పెద్ద గుడ్డ ఉన్నాయి. దుప్పటి వాసనొస్తోందని ఉతికేశాను, మిగతావి సూట్‌కేసు అడుగున పెట్టాను. వెళ్లేలోపు బాబుని ఒక్కసారి చూస్తానని ఆవిడ అడిగించింది. వద్దన్నాను. మావారు ఏమీ మాట్లాడలేదు. అందరూ నన్ను యశోదవి అంటున్నారు, నాకేమో వీడు నా బిడ్డ అవుతాడా అని టెన్షన్. ‘ఒమ్మా’ మాన్పించి ‘అమ్మా’ అని అలవాటు చేయడం ఎలా? మా అత్తయ్యగారు నక్షత్రం చూసి పంపిన పేరుతో ఇప్పటి నుంచే పిలవచ్చా? ఇంటికి వెళ్లగానే అరవై మందితో వెల్‌కమ్ పార్టీ కూడా అనుకున్నాం.

జవాబు: మీ ప్రయాణం లోపే అందాలని ఈ జవాబు ముందుగా మీకు మెయిల్ చేశాను. మీ అనుమతితో, ఊరూ పేరూ తీసేసి ఇక్కడ ఇస్తున్నాను.

మీరు అడిగినవి ముందు తేల్చేస్తాను. ‘ఒమ్మా’ మాన్పించక్కర్లేదు. పేరు ఇప్పుడు మార్చకండి. ఈ వారంలో వాడికి ఇల్లు పోయింది, పక్క పోయింది, తిండి మారింది, చుట్టూ వినపడే భాష మారింది. ఆ ఇంటి నుంచి వచ్చినవాటిలో మారకుండా వాడికి మిగిలింది పేరొక్కటే. అత్తయ్యగారు పంపిన పేరు కాగితాల్లో పెట్టుకోండి, బారసాల తీరిగ్గా చేసుకోండి. నోటితో పిలవడానికి మాత్రం పెంచినావిడ పిలిచిన పిలుపే వాడండి. పార్టీ మానేయండి.

ఇక మీరు అడగనిది. ‘వద్దన్నాను’ అని ఒక్క మాటలో దాటేసిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. మీ ఇబ్బంది బాబుతో కాదు. ఆవిడతో.

మిమ్మల్ని యశోద అంటున్నారని రాశారు. తల్లీ, ఈ కథలో యశోద ఆవిడ. మీరు అక్రూరుడి రథం మీద వచ్చారు. రథం రావడం తప్పని నేననను. దాని వెనక కోర్టు తీర్పు ఉంది, బాబు భవిష్యత్తు ఉంది, మీరు పడ్డ బాధ ఉంది. కానీ యశోద వాకిట్లో నిలబడి ఒక్కసారి చూసుకుంటానంటే, గుర్రాల్ని అదిలించి వెళ్లిపోవడం నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పకుండా మీకు తీపి కబుర్లు రాయలేను.

ఈ రెండేళ్లూ ఏం జరిగిందో ఒకసారి ఆలోచించండి. మీ బాబు పుట్టినప్పుడు కొరియాలో అమల్లో ఉన్న, 2012లో మారిన చట్టం ప్రకారం, కన్నతల్లి ప్రసవమై ఏడు రోజులు గడిచేదాకా బిడ్డని ఇస్తానని సంతకం పెట్టకూడదనే నియమం ఉండేది. ఆ తర్వాత ఐదు నెలలు సొంత దేశంలోనే ఇల్లు వెతకాల్సి ఉండేది. అప్పటికీ దొరక్కపోతేనే విదేశాల వాళ్ల సంగతి. ఆపైన ప్రభుత్వ అనుమతి, ఫ్యామిలీ కోర్టు. పిల్లల్ని హడావిడిగా పంపేయకుండా తెచ్చిన చట్టం అది, మంచిదే. కానీ అందువల్లే అక్కడి నుంచి బయటికి వచ్చే పిల్లలు ఒళ్లో పసికందులుగా కాకుండా, నడిచి మాట్లాడే వయసులో వస్తున్నారు. మీ ఫైలు ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి కదిలే ఆ నెలలన్నీ మీకు అమెరికాలో ఎదురుచూపులు. కొరియాలో ఆవిడకి మాత్రం జ్వరాలు, పళ్లు రావడం, టీకాలు, రాత్రి జాగారాలు. పరాయి బిడ్డ, ఏదో ఒక రోజు వెళ్లిపోతాడని తెలిసే చేసింది.

మనం అన్నప్రాశన నాడు పుస్తకం, బంగారం, కత్తి ముందుపెట్టి పిల్లాడు ఏది పట్టుకుంటాడో చూస్తాం కదా. కొరియావాళ్లు అదే పని మొదటి పుట్టినరోజున చేస్తారు. ‘తోల్’ అంటారు. దారం, కలం, డబ్బు, బియ్యం పెడతారు. దారం పట్టుకుంటే దీర్ఘాయుష్షు అని మురిసిపోతారు. మీ బాబు ఏది పట్టుకున్నాడో మీకు తెలుసా? ఆవిడకి తెలిసి ఉంటుంది. మీరు సూట్‌కేసు అడుగున పెట్టిన నోట్‌బుక్‌లో రాసి ఉన్నా ఉండొచ్చు.

‘ఒబుబా’ సంగతి నాకూ తెలియదు. సియోల్‌లో నాలుగేళ్లు చదివిన మా బంధువుల అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. వీపు మీద ఎక్కించుకో అని పిల్లలు అడిగే మాటట. మన ఉప్పుమూట! మీరు రాసినదాన్ని ఇప్పుడు మళ్లీ చదవండి. వాడు మీ వెనక్కి వస్తున్నాడు, మీ డ్రెస్ పట్టుకుని లాగుతున్నాడు, వీపు మీద ఎక్కించుకోమంటున్నాడు. మీరేమో వెనక్కి తిరిగి ముందు నుంచి ఎత్తుకోబోతున్నారు. తను అడిగింది జరగక ఏడుస్తున్నాడు, తోసేస్తున్నాడు. దగ్గరకు రావడం లేదని మీరు రాసిన పిల్లాడు రోజూ మీ దగ్గరకే వస్తున్నాడమ్మా.

పొదేగి అంటే మరేమీ కాదు, బిడ్డని వీపుకి ఆనించుకుని నడుముకి చుట్టి కట్టుకునే గుడ్డ. కొరియాలో బామ్మలు బిడ్డని అలా కట్టుకునే వంటా వార్పూ చేసుకుంటారు, అలాగే జోకొడతారు. వీడు రెండేళ్లూ ఆ వీపు మీదే నిద్రపోయి ఉంటాడు. తనని విడిచి వెళ్లాక వాడు ఏం అడుగుతాడో, ఏడిస్తే మీకు ఏం కావాలో ఆలోచించి ఆవిడ దాన్ని మడతపెట్టి సంచిలో పెట్టింది. మీ భాష ఆవిడకి రాదు, ఆవిడ భాష మీకు రాదు. చెప్పాల్సింది అలా గుడ్డతో చెప్పింది. మీరు ఆవిడని పోటీ అనుకుంటున్నారు. ఆవిడ మాత్రం మీకు తల్లి కావడం ఎలాగో మూటగట్టి ఇచ్చింది.

మనవాళ్ల ఇళ్లలోనూ ఇలాంటిది జరుగుతూనే ఉంటుంది. అమెరికాలో ఇద్దరికీ ఉద్యోగాలు, వీసా తిప్పలు. ఆరు నెలల పిల్లని తెచ్చి అమ్మమ్మ దగ్గర వదిలి, రెండేళ్లకో మూడేళ్లకో వచ్చి తీసుకెళ్తారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అలాంటి అమ్మమ్మని మీరూ చూసే ఉంటారు. ట్రాలీ కదిలిపోయాక కూడా చెయ్యి ఊపుతూనే ఉంటుంది. ఆ పిల్ల అక్కడికి వెళ్లి ‘అమ్మమ్మా’ అని ఏడిస్తే తల్లి ఏం చేస్తుంది? ఫోన్ కలుపుతుంది. అమ్మమ్మ మాట మాన్పించడం ఎలా అని నాకు ఉత్తరం రాయదు. మరి ఇక్కడ తేడా ఎందుకొచ్చింది? ఆవిడ మన మనిషి కాదు కాబట్టా? ‘పరాయి రక్తం’ అనే మాట బంధువుల నోట వింటే మీకు ఎంత మంట పుడుతుందో నేను ఊహించగలను. ఆ మంట తెలిసిన మీరే ఇంకొకరిని పరాయిదాన్ని చేయకూడదు.

‘చూస్తే మళ్లీ మొదటికొస్తుంది’ అన్న భయం మీ మనసులో ఉంటుంది. వస్తుంది. ఏడుస్తాడు, బహుశా ఇప్పటికంటే ఎక్కువే ఏడుస్తాడు. ఏడవనివ్వండి. నేను ఒకప్పుడు పసిపిల్లల ఆశ్రమంలో పదకొండేళ్లు పనిచేశాను. ఒక మనిషి కోసం రాత్రంతా ఏడ్చే పిల్లల గురించి నేనెప్పుడూ బెంగపడలేదు. వాళ్లకి ఒకరిని పట్టుకోవడం వచ్చు, రేపు మిమ్మల్నీ అలాగే పట్టుకుంటారు. గేటులోకి ఎవరొచ్చినా నవ్వుతూ చంకనెక్కి, దించితే ఇంకొకరి చంకనెక్కే పిల్లల్ని చూస్తేనే నాకు కడుపులో దేవినట్టుండేది. మీ బాబు అలాంటివాడు కాకపోవడం ఆవిడ పెంపకం. దానికి మీరు ఆవిడకి రుణపడి ఉన్నారు.

అందుకని ఈరోజే సోషల్ వర్కర్‌కి ఫోన్ చేసి, నేను తొందరపడ్డాను, కలుద్దామనుకుంటున్నాం అని చెప్పండి. ఎక్కడ, ఎంతసేపు, బాబు తట్టుకుంటాడా అనేది బాబునీ ఆవిడనీ ఎరిగున్న ఆ సోషల్ వర్కర్ నిర్ణయించాలి. ఒకవేళ నేరుగా వద్దంటే, ఆవిడ మాటలు వీడియోగానైనా తీసుకోండి. ఒక్క ముక్క ఆవిడ నోటితోనే కొరియా భాషలో వాడు వినాలి: ఇక నుంచి వీళ్లతో ఉంటావు, నేను కోపం వచ్చి వదిలేయలేదు, నేను బాగానే ఉంటాను. రెండేళ్ల వాడికి అంతా అర్థం కాదు. గొంతు అర్థమవుతుంది. ఇవాళ వాడు గుమ్మం దగ్గర నిలబడుతున్నది ఎవరూ చెప్పకుండా తీసుకొచ్చేశారు కాబట్టి.

మీవారికి ఒక మాట. అయ్యా, మీ భార్య వద్దన్నప్పుడు మీరు మౌనంగా ఉన్నారు. అది ఆవిడ మీద ప్రేమ అని మీరు అనుకుని ఉండొచ్చు. మీకు తప్పనిపించినప్పుడు చెప్పకపోతే ఆ తప్పు బరువంతా ఆవిడ ఒక్కతే మోయాలి. బాబు మీ దగ్గరికి వస్తున్నాడని మురిసిపోతూ కూర్చోకండి కూడా. కొన్నాళ్లు తిండి, నీళ్లు మీ భార్య చేత్తోనే ఇప్పించండి, మీరు పక్కనే ఉండండి. ‘మమ్మా’ అన్నప్పుడు ఆవిడే బువ్వ పెట్టాలి. రోజూ అడిగినప్పుడల్లా పెట్టే మనిషిని పిల్లలు ఎక్కడికీ పోనివ్వరు.

తిండి దగ్గర పట్టుదల వద్దు. పప్పన్నం, నెయ్యి ఎక్కడికీ పోవు. వాడికి అలవాటైన మెత్తటి అన్నం, ‘కిమ్’ అనే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకులు, నాచు చారు, బార్లీ నీళ్లు పెట్టండి. కిమ్ ప్యాకెట్లు రెండు మూడు సూట్‌కేసులో వేసుకోండి, తర్వాత అమెరికాలో కొరియా కొట్లలో దొరుకుతాయి. రాత్రి మంచం మీద పడుకోబెట్టకండి. కొరియా ఇళ్లలో నేల కింద నుంచే వేడి వస్తుంది, చాలా ఇళ్లలో పరుపు నేల మీదే పరిచి పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకుంటారు. మీరూ చిన్నప్పుడు వరుసగా పక్కలు వేసుకునే పడుకుని ఉంటారు, కొత్తేం కాదు. పార్టీ ఎందుకు వద్దన్నానో కూడా చెప్తాను. అరవై మంది చేతులు మారితే, అందులో మీ చేతులు ఏవో వాడికి తెలియవు. కనీసం రెండు మూడు నెలలు వాడిని ఎత్తుకునేది, తినిపించేది మీరిద్దరే. అత్తయ్యగారైనా సరే, ముచ్చట్లు పక్కన కూర్చునే.

ఆ నోట్‌బుక్ చదవడం వచ్చినవాళ్ల చేత చదివించుకుని, ప్రతి పేజీ ఫొటో తీసి దాచండి. పెంచినావిడ పేరు, దత్తత ఏజెన్సీ కాగితాలు, మీ మొదటి ట్రిప్ ఫొటోలు అన్నీ కూడా. 1950ల నుంచి కొరియా పిల్లలు సుమారు రెండు లక్షల మంది విదేశాలకు దత్తత వెళ్లారు. అందులో ఎంతోమంది పెద్దయ్యాక తిరిగి సియోల్ వచ్చి నేనెవరినని అడుగుతున్నారు. అలా 367 మంది పెట్టుకున్న అర్జీల మీద విచారించిన అక్కడి సత్యశోధన కమిషన్, కన్నవాళ్లు బతికుండగానే అనాథలని రాసి పంపేసిన సంగతులు బయటపెట్టింది. 2025 మార్చిలోనే. మీ బాబు విషయంలో కాగితం సరిగ్గా ఉంది, పెంచిన మనిషి కళ్లెదుట ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత వాడు అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉండాలి. ఆవిడ ఒక్కసారి చూస్తానంటే మా అమ్మ వద్దంది అని వాడికి తెలియకూడదు.

ఈ సాయంత్రం వాడు చెప్పులు పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్తాడు. అటు నుంచి లాక్కురాకండి, బొమ్మ చూపించి మరిపించకండి. కింద కూర్చుని ఆ చెప్పులు తొడగండి. మీరూ తొడుక్కోండి. వీపు వాడి వైపు తిప్పి ‘ఒబుబా’ అనండి. ఎక్కితే వీధి చివరిదాకా తీసుకెళ్లి తీసుకురండి. ఎక్కకపోతే చెయ్యి పట్టుకుని నడవండి. ‘ఒమ్మా’ అని ఏడిస్తే ‘ఆ నాన్నా, ఒమ్మా’ అనండి, అంతకంటే ఏమీ చెప్పకండి.

ఆవిడ వచ్చినప్పుడు మూడు అడగండి. ఆ పొదేగి మీ వీపుకి ఆవిడ చేత్తోనే, బాబుతో సహా కట్టమనండి. దుప్పటి ఎలాగూ ఉతికేశారు కాబట్టి, ఆవిడ ఇంట్లో వాడిన పాత దిండు గలేబు ఒకటి ఉతక్కుండా ఇమ్మనండి. తోల్ నాడు బాబు ఏం పట్టుకున్నాడో అడగండి.