ఐర్లండ్‌లో ఫిబ్రవరి మొదట్లో ఇచ్చే సెలవు ఏ పండుగకు? దాన్ని ఎలా జరుపుకుంటారు?

ఐర్లండ్ అనగానే మార్చి 17న వచ్చే సెయింట్ ప్యాట్రిక్స్ డే ఒక్కటే గుర్తుకొస్తుందని, మరి ఫిబ్రవరి మొదట్లో ఇచ్చే సెలవు దేనికని, అది క్రైస్తవుల పండుగా లేక అంతకంటే పాతదా అని మీరు అడిగారు. అది సెయింట్ బ్రిజిడ్ పండుగ. ఐరిష్ భాషలో ఆమెను బ్రీద్ అంటారు. ఆమె మఠం స్థాపించిన కిల్‌డేర్‌కు దగ్గరలోనే నేను ఏడేళ్లుగా ఉంటున్నాను కనుక చూసినదీ, చేసినదీ చెప్పగలను.

అసలు పండుగ ఫిబ్రవరి 1న. ప్రభుత్వ సెలవు మాత్రం 2023లోనే మొదలైంది. ఆ నెల మొదటి సోమవారం ఇస్తారు, ఒకటో తేదీ శుక్రవారమైతే ఆ రోజే ఇస్తారు. ఒక స్త్రీ పేరిట ఆ దేశంలో వచ్చిన మొదటి జాతీయ సెలవు ఇదే. క్రైస్తవం రాకముందు నుంచీ ఈ రోజును ఇంబోల్క్ అనేవారు. గొర్రెలు ఈని పాలకు వచ్చే కాలం అది, పాత ఐరిష్ లెక్కలో వసంతానికి మొదటి రోజు. మనకు శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, అక్కడ వసంతం వచ్చిందన్న రోజున కూడా గడ్డి మీద మంచు పేరుకుని ఉండొచ్చు.

బ్రిజిడ్ క్రీ.శ. 5, 6 శతాబ్దాల నాటి సన్యాసిని అని చర్చి సంప్రదాయం. అదే పేరుతో కవిత్వానికి ఒక దేవత ఉండేదని, వైద్యానికి ఒకరు, కమ్మరానికి ఒకరు చొప్పున ఆమెకు ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవారని, వారి పేరూ బ్రిజిడే అని మధ్యయుగపు ఐరిష్ నిఘంటువు ఒకటి చెబుతోంది. దేవతే సన్యాసినిగా మారిందా, ఇద్దరి కథలూ కలిసిపోయాయా అన్న వాదన పండితులది. నేను చూసిన ఇళ్లలో ఆ ప్రశ్న ఎవరికీ పట్టదు. వాళ్లకు ఆమె ఏటా ఇంటికి వచ్చే పెద్దదిక్కు.

మఠానికి స్థలం అడిగితే రాజు ఒప్పుకోలేదట. నా పైవస్త్రం కప్పినంత నేల చాలు అందట ఆమె. సరేనన్నాక, పరిచిన వస్త్రం మైళ్ల కొద్దీ సాగి కిల్‌డేర్ దగ్గరి కరా మైదానమంతా కప్పేసిందట. వామనుడి మూడడుగులు వినిపెరిగిన మనకు ఈ కథ కొత్తగా అనిపించదు. ఆ మైదానంలో నేటికీ గొర్రెలు మేస్తాయి, గుర్రప్పందేలు జరుగుతాయి.

ఆచారాల్లో ముఖ్యమైనది శిలువ అల్లడం. నాకు నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. మన తుంగను పోలిన, లోపల బెండు ఉండే పచ్చటి గడ్డిని అక్కడ రషెస్ అంటారు. దాన్ని కత్తితో కోయకూడదు, చేత్తో పీకాలి. కత్తెర తీసుకుని బయల్దేరిన నన్ను ఆవిడ గుమ్మంలోనే ఆపేశారు. ఒక పోచను నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని సగానికి మడిచి దాని నడుముకు తగిలించి, మొత్తాన్ని పావువంతు తిప్పి మూడోదాన్ని అలాగే మడవాలి. ఇలా తిప్పుతూ పోతే మధ్యలో చతురస్రం, నాలుగు వైపులా నాలుగు చేతులు ఏర్పడతాయి. కొసలను దారంతో కడతారు. ఆరితే గడ్డి సన్నబడుతుంది కాబట్టి ప్రతి మడతనూ బొటనవేలితో నొక్కి బిగించాలి. నా మొదటి శిలువ ఆ సంగతి తెలియక పదిరోజుల్లో వదులై జారిపోయింది. దీన్ని వీధిగుమ్మం పైన పెడితే ఇంటికి నిప్పు భయం ఉండదని నమ్మకం. ఇళ్లన్నీ గడ్డికప్పులుగా ఉన్న రోజుల్లో అది చిన్న భయం కాదు.

మఠంలో ఆరని అగ్ని ఉండేదని, 19 మంది సన్యాసినులు వంతులవారీగా కాచేవారని, ఇరవయ్యో రాత్రి బ్రిజిడే కాచుకునేదని 12వ శతాబ్దపు రచయిత గెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు. తర్వాతి కాలంలో ఆరిపోయిన ఆ జ్యోతిని 1993లో కిల్‌డేర్ కూడలిలో తిరిగి వెలిగించారు. కెర్రీ ప్రాంతంలో మాత్రం సందడి ఎక్కువ: బిడ్డీ బాయ్స్ అనే బృందాలు గడ్డితో అల్లిన శంకువు టోపీలు పెట్టుకుని, బ్రిజిడ్ బొమ్మను పట్టుకుని ఇంటింటికీ పాడుతూ తిరుగుతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది గుడ్డముక్క ఆచారం. జనవరి 31 రాత్రి ఒక గుడ్డను ఆరుబయట పొద మీద వేస్తారు. ఆ రాత్రి ఊరి మీదుగా వెళ్తూ బ్రిజిడ్ దాన్ని తాకుతుందట. తలనొప్పికీ, కాన్పు కష్టానికీ దాన్ని ఏడాదంతా దాచుకుంటారు. మా అమ్మకు పార్శ్వపు నొప్పి అని పక్కింటి పెద్దావిడతో మాటల్లో చెప్పానేమో, మరుసటి ఉదయం మంచుకు బిరుసెక్కిన తెల్లటి పీలిక ఒకటి తెచ్చి ఆవిడ నా చేతిలో పెట్టారు. ఇప్పుడది గుంటూరులో, అమ్మ మందుల డబ్బాలో, జండూబామ్ పక్కన ఉంది.